డెబ్బై ఐదు రూపాయల ఇంటికి మూడు వందల అద్దె

మా మేనకోడలి కూతురు ఈ ఏడు ఒక ప్రభుత్వ కంపెనీలో ఎస్టేట్ సెక్షన్‌లో చేరింది. చేరిన వారానికే ఫోన్ చేసి, "తాతా, నువ్వు ఇరవై ఎనిమిదేళ్ళు ఈ పనే సేసేవు కదా. ఇందులో నేర్సుకోడానికేటుంది? కుళాయి కారతందనీ తలుపు పట్టడం లేదనీ అందరూ నా మీద అరవడమే గాని!" అంది.

నాకు నవ్వు రాలేదు. మొదటి వారానికే అరుపులు మొదలయ్యాయంటే అసలు పనిలో పడిందన్నమాట. ఫోన్‌లో చెప్పలేనిది రాసి పంపిద్దామని కూర్చున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇంకెవరైనా చదివినా మంచిదే.

కంపెనీలో పనిచేసేవాళ్ళకి ఇల్లు చూపించడం మా పని. చెప్పడానికి ఒక్క ముక్క. ఇన్నేళ్ళలో "ఇల్లు బాగుందండీ" అని చెప్పడానికి నా బల్ల దగ్గరికి వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. బాగున్నవాళ్ళు ఇంట్లో ఉండిపోతారు. బాగోలేనివాళ్ళు ఆఫీసుకొస్తారు. ఒక ఆఫీసరు భార్య, పెరట్లో అరటిచెట్టు ఎడమవైపు ఉందని క్వార్టరు మార్చమంది. ఒకాయన తన కింది ఉద్యోగి ఇంటికి నాలుగు కిటికీలుండి తన ఇంటికి మూడే ఉన్నాయని కాగితం పెట్టాడు. కిటికీ కొట్టించాం. ఆరు నెలలకి దొంగలు పడతారని దాన్నే ఇటుకలతో మూయించాడు.

ఇలాంటివి రాస్తే పుస్తకమవుతుంది. నేను రాయాలనుకున్నది మాత్రం రాయగడలో ఒక్క ఇంటి గురించి.

ఇల్లు చూడడం

అమ్మీ, ఇల్లు కొలవడం వారంలో వచ్చేస్తుంది. ఇల్లు చూడడం రావడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఇంటివాడు పైకప్పు చూపిస్తాడు, నువ్వు గోడ మొదలు చూడు. మోకాలి ఎత్తు దాకా మాత్రమే కొత్త సున్నం ఉంటే, వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లి తీరుతుంది. నీళ్ళ సంగతి ఇంటివాణ్ణి అడక్కు. పక్కింటి ఇల్లాలిని అడుగు. "మా బావి ఎప్పుడూ ఎండదు" అని ఒకాయన నాతో ప్రమాణం చేశాడు. నిజమే, ఎండదు. వైశాఖంలో బొక్కెనకి నీళ్ళందవు, అంతే. కొరాపుట్ కొండల మీది ఇల్లయితే శ్రావణంలో ఒకసారి, రాయగడలో ఇల్లయితే మండు వేసవి మధ్యాహ్నం ఒకసారి చూడు. రెండోసారి వెళ్ళడానికి జీపు ఇవ్వరు. బస్సెక్కి వెళ్ళు.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా చూడవలసినదాన్ని చూడలేదు.

నేను పెంచిన అద్దె

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. రాయగడకు పన్నెండు మైళ్ళ అవతల మా ఫ్యాక్టరీ కడుతున్నారు. టౌన్‌షిప్ ఇంకా కాగితం మీదే ఉంది. ఇంజనీర్లు మాత్రం పెళ్ళాం పిల్లలతో దిగిపోతున్నారు. టౌన్‌షిప్ అయ్యేదాకా వాళ్ళకు ఊళ్ళో ఇళ్ళు అద్దెకు పట్టమని నన్ను సాలూరు నుంచి రాయగడ పంపారు. మా పైఅధికారి మొహంతీ గారు కొరాపుట్‌లో ప్రాజెక్టు ఆఫీసులో కూర్చునేవారు. వారానికొకసారి లక్ష్మీపూర్ మీదుగా జీపులో దిగివచ్చేవారు. తెలుగు బాగా అర్థమయ్యేది, మాట్లాడేది మాత్రం ఒడియా.

"నెలాఖరుకి ఇరవై ఇళ్ళు. ఇంటికి మూడు వందలు దాటకూడదు" అన్నారాయన.

ఊరికి ఎత్తుమీద, ఆసుపత్రిని ఆనుకుని, బంగ్లా సాహి అనే పేట ఉండేది. సాహి అంటే ఒడియాలో పేటే. అడవి కాంట్రాక్టర్లు, బియ్యం వర్తకులు, రిటైరైన తాసీల్దార్లు కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్ళు. చుట్టూ ప్రహరీ, వెనక పెరడు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళ పేట అదే. అయినా అద్దెకుండేవాళ్ళంతా మామూలు ఉద్యోగులే. పోస్టుమాస్టరు, ఇద్దరు బడిపంతుళ్ళు, ఆసుపత్రి నర్సు. అంత పెద్ద ఇళ్ళకి ఊళ్ళో వేరే గిరాకీ లేదు మరి. నాలుగు గదుల ఇంటికి డెబ్బై, ఎనభై రూపాయలు. ఇంటివాళ్ళే బతిమాలి పెట్టుకునేవారు.

మొదటి ఇల్లు ఒక బియ్యం వర్తకుడిది. కొలిచి, చూసి, "ఎంతకిస్తారు?" అని నేనే ముందు అడిగాను. అడక్కూడదు. ఆయన నా చేతిలో టేపు కేసి, జేబులో కంపెనీ పెన్ను కేసి చూసి, నోటికొచ్చినంత చెప్పాడు.

"రెండొందల నలభై ఇప్పించండి బాబూ."

నేను బేరమాడి నూట ఇరవైకి దించుతానని ఆయన ధీమా. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చెప్పాడు. నా తలలో మూడు వందలు తిరుగుతోంది. కంపెనీకి అరవై రూపాయలు మిగిల్చాననుకున్నాను. "సరే" అన్నాను.

ఆయన మొహం నాకిప్పటికీ గుర్తుంది. సంతోషం కాదది, భయం. వీడేదో మోసం చేస్తున్నాడని భయం.

సాయంత్రానికి సాహి అంతా పాకిపోయింది. మర్నాటి నుంచి రెండు వందల నలభై అడుగుధర అయిపోయింది. ఒకాయన ఆవుల్ని బయటకు తోలి, కొట్టానికి సున్నం కొట్టి "ఔట్‌హౌస్" అన్నాడు. ఇంకొకాయన సిమెంటు తొట్టె ఒకటి కట్టి, ఇది దొరలు స్నానం చేసే తొట్టె అని పాతిక రూపాయలు పైన వేశాడు. పదిహేనో ఇంటి దగ్గరకొచ్చేసరికి అందరూ మూడు వందలకే వచ్చి నిలబడ్డారు. ఆ మూడు వందలూ మా ఆఫీసు రహస్యం. మా జీపు డ్రైవరుకు తెలిసినంత రహస్యం.

మొహంతీ గారికి చెప్పుకున్నాను. "గడువులో దొరికాయి కదా, పరిమితి దాటలేదు కదా, ఇంకేం?" అన్నారు. మంచివాడే. కానీ పెద్ద ఆఫీసుల్లో మంచివాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. కాగితం మీద తప్పు లేకపోతే తప్పు లేదనుకుంటారు. అప్పట్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

పొయ్యి మీద అన్నం

పద్దెనిమిదో ఇల్లు పాత్రో గారిది. అడవి కాంట్రాక్టరు. ఆసుపత్రి గేటుకు ఎదురుగా నాలుగు గదులు, వరండా, జామచెట్టు. "ఒకటో తారీకుకి కాళీ బాబూ. వచ్చి కొల్సుకోండి" అన్నాడు.

వెళ్ళేసరికి లోపల ఒక ముసలామె చేటలో బియ్యం ఏరుకుంటోంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. తాడు మీద పిల్లల గౌన్లు ఆరేసి ఉన్నాయి. పాత్రో గారు నన్ను గదిగదికీ తిప్పుతుంటే ఆమె లేచి వచ్చింది.

"ఏటి బాబూ, ఇల్లు కొలస్తన్నారు? సున్నం ఏయిస్తారేటి?"

నేను పాత్రో గారి వైపు చూశాను. ఆయన తడుముకోకుండా, "అవునమ్మా, సున్నమే" అన్నాడు.

టేపు చుట్టుకున్నాను. ఆమె సంబరపడిపోయి నాకు గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. తాగాను కూడా.

ఆరో రోజున ఒకావిడ మా ఆఫీసుకు వచ్చింది. స్టేషను పక్కన నూనె మిల్లు వాళ్ళ గది ఒకటి అద్దెకు తీసుకుని అందులో కూర్చునేవాణ్ణి. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, తెల్లచీర మీదే ఉంది. పేరు సుగుణ. ఆసుపత్రి నర్సు. భర్త బిస్సమ్ కటక్‌లో బడిపంతులు, శనివారం రైలుకి వచ్చి సోమవారం రైలుకి పోతాడు. ఇంట్లో అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు.

"మీరేనా పాత్రో బాబు ఇల్లు కొలిసింది?"

"నేనేనమ్మా. కాళీ అవతందని ఆయన సెప్పేడు."

"పొయ్యి మీద అన్నం ఉడుకుతంటే కాళీ అవతందనుకున్నారా?"

నేను బల్ల మీది టేపు సొరుగులోకి తోశాను.

"మా అత్త మీకు మజ్జిగిచ్చింది. సున్నం ఏయిస్తారని సాహి అంతా సెప్పుకుని, అలమార్లో సామానంతా తీసి నులకమంచం మీద పెట్టుకుంది. నిన్న పాత్రో బాబు వచ్చి, సామాను ఎలాగూ తీసేరు కదా, అలాగే మూట కట్టీండి అన్నాడు."

"ఆయనతో మాటాడి సూడండి అమ్మా."

"మాటాడేను. ఎనిమిదేళ్ళు డెబ్బై అయిదు లెక్కన కట్టేం, ఒక్క నెల దాటలేదు. వందిస్తానన్నాను. నవ్వేడు. కంపెనీ మూడొందలిస్తంటే మమ్మల్నెందుకుంచుతాడు? నా జీతంలో మూడొందలు ఇంటికి పోస్తే తినేదేటి?"

"అది మీకూ ఆయనకీ మధ్య సంగతమ్మా. కంపెనీకి సంబంధం లేదు" అన్నాను.

ఉద్యోగంలో ఈ మాట నేను చాలాసార్లు వాడాను. వాడిన ప్రతిసారీ సంబంధం ఉంది. నువ్వు ఎప్పుడైనా ఇలా అనబోతే ఒక్క నిమిషం ఆగు. అప్పుడే నువ్వు తప్పు చేస్తున్నావు.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "మంచిది" అని వెళ్ళిపోయింది. నెలాఖరుకి రైలు గేటు అవతల, నాగావళి వైపు పల్లంలో ఉన్న పెంకుటిళ్ళకు మారిపోయారు. రెండు గదులు, తొంభై రూపాయలు. అక్కడా ధర పెరిగింది. పైనుంచి తరిమినవాళ్ళంతా కిందికి దిగితే పెరగదా?

మా ఇంటి వంతు

మేముండేది బంగ్లా సాహికి ఆనుకున్న వీధిలో. రెండు గదులు, యాభై రూపాయలు. ఒక ఆదివారం మా ఇంటాయన వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"బాబూ, మీకు సెప్పడానికేటుంది, రేటు కట్టిన మనిషి మీరే. నూటపాతిక సేసీండి" అన్నాడు.

"నేను కంపెనీ ఆఫీసర్ని కాదండీ, నాకు ఇంటద్దె అలవెన్సు నలభై."

"అది మీకూ కంపెనీకీ మధ్య సంగతి" అన్నాడాయన. నా మాటే.

లోపల వింటున్న మా ఆవిడ ఆయన వెళ్ళాక బయటికొచ్చింది. "ఊరికంతటికీ అద్దె కట్టేరు. మనిల్లు కూడా ఊళ్ళోనే ఉందని మర్సిపోయేరా?" అంది. ఆ వారమంతా కూరలో ఉప్పు గురించి నేను నోరెత్తలేదు.

మేమూ రైలు గేటు అవతలకే మారాం. వీధికంతటికీ ఒకటే కుళాయి. మూడో రోజు మా ఆవిడ బిందె దించి, నా మొహం చూడకుండా అడిగింది.

"కుళాయి కాడ ఒక ముసలమ్మ ఉంది. ఎవరో టేపు బాబు తన ఇంట మజ్జిగ తాగి తన ఇల్లే తీసేసేడని వచ్చినోళ్ళకీ పోయినోళ్ళకీ సెప్తంది. ఆ టేపు బాబు మీరేనా?"

అవునన్నాను. ఆ పూట అన్నం పెట్టింది గాని పక్కన కూర్చోలేదు.

తాళం

ఇంతకీ పాత్రో గారి ఇల్లు ఎవరికోసం తీసుకున్నామో చెప్పాలి. కటక్ నుంచి వచ్చిన ఒక పెద్ద ఇంజనీరు కోసం. ఆయన భార్య వచ్చింది, నాలుగు గదులూ చూసింది, వంటింటి కిటికీలోంచి కొండ చూసింది. "ఆ కొండ మీంచి ఎలుగుబంటి వస్తే ఎవరిది పూచీ?" అని నన్నే అడిగింది. మర్నాడు రైలెక్కి వెళ్ళిపోయింది. ఇంజనీరు గారు గెస్ట్‌హౌస్‌లో స్థిరపడిపోయారు.

ఇంటికి తాళం పడింది. నెలలు గడిచాయి. నెలనెలా పాత్రో గారికి మూడు వందలు ముట్టేవి. నెలనెలా నేను వెళ్ళి తాళం తీసి, సాలెగూళ్ళు చూసి, "సక్రమంగా ఉన్నది" అని రాసి వచ్చేవాణ్ణి. జామకాయలు రాలి వరండాలో కుళ్ళేవి.

ఇల్లు వెనక్కిచ్చేద్దామని మొహంతీ గారికి రెండుసార్లు నోట్ పెట్టాను. రెండోసారి ఆయన తలుపు మూయించి మరీ చెప్పారు.

"చూడు, తాళం వేసిన ఇల్లు ఆడిట్‌వాళ్ళకి కనబడదు. వెనక్కిచ్చిన ఇల్లు కనబడుతుంది. అక్కర్లేనప్పుడు ఎందుకు తీసుకున్నారని అడుగుతారు. ఎవరు చెబుతారు జవాబు, నువ్వా నేనా?"

అంత నిజం చెప్పిన అధికారిని నేను మళ్ళీ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోట్ మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. అప్పుడు గట్టిగా మాట్లాడాల్సింది. మాట్లాడలేదు.

తొమ్మిదో నెలలో, ఒక మధ్యాహ్నం, ఫ్యాక్టరీ పనిలో ఒక కూలీ పరంజా మీంచి పడ్డాడు. తొడ ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. లారీలో రాయగడ ఆసుపత్రికి తెచ్చారు. డాక్టరు ఉన్నాడు. ఆపరేషనులో చేయందించగల నర్సు సుగుణమ్మ ఒక్కతే. ఆవిడ పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికెళ్ళిపోయింది. మనిషిని పంపారు. ఆవిడ పరుగున వస్తే రైలు గేటు పడి ఉంది, గూడ్సు బండి షంటింగు. గేటు దాటి, ఎత్తెక్కి, ఆసుపత్రికి చేరేసరికి గంటంపావు. కూలీ బతికాడు. చాలా నెత్తురు పోయింది. కాలు కురచై, తర్వాత మళ్ళీ పరంజా ఎక్కలేకపోయాడు.

డాక్టరు మా కంపెనీకి ఒక ఉత్తరం రాశాడు. మీ కూలీలు రోజూ మా దగ్గరికే వస్తున్నారు, ఇదివరకు నర్సును కేకేస్తే వచ్చేది, ఇప్పుడు గంట పడుతోంది అని. ఆ ఉత్తరం పట్టుకుని మొహంతీ గారు రాయగడ వచ్చారు.

"ఆ నర్సు అంత దూరంలో ఎందుకుంటోంది?" అనడిగారు.

"మనమే పంపించాం సర్."

"మనమా?"

"ఆసుపత్రి ఎదురుగా, ఇప్పుడు మనం తాళం వేసి ఉంచిన ఇల్లు ఆవిడదే సర్. పాత్రో గారు ఆవిణ్ణి ఖాళీ చేయించి మనకిచ్చాడు. నేనే కొలిచాను. వాళ్ళు లోపలుండగానే కొలిచాను."

ఆయన ఆ ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టారు.

"ఇంకా తాళమే ఉందా?"

"ఉంది సర్."

"తాళంచెవి?"

"నా దగ్గరే."

"మరి నా మొహం చూస్తావేమిటి? అత్యవసర సేవ అని రాసి ఆవిడకి అలాట్ చెయ్యి. ఆవిడ ఇచ్చే డెబ్బై ఐదూ జమ చేసుకో, మిగతాది మనం కట్టుకుంటాం."

లెక్క నువ్వే చూడు అమ్మీ. డెబ్బై ఐదు రూపాయలకి తన మానాన తానుంటున్న మనిషిని మేం వెళ్ళగొట్టాం. తొమ్మిది నెలలు ఖాళీ ఇంటికి మూడేసి వందలు పోశాం. ఒక మనిషి కాలు కురచైంది. ఆ తర్వాత అదే మనిషిని అదే ఇంట్లో పెట్టడానికి నెలకి రెండు వందల పాతిక మేమే కట్టడం మొదలెట్టాం. ఇందులో ఎవరూ లంచం తినలేదు. ఎవరూ నిబంధన దాటలేదు. అందుకే నాకు ఈనాటికీ మంట.

పైగా పాత్రో గారు సాహిలో అందరితో, "ఆ నర్సమ్మకి ఇల్లిప్పించింది నేనే" అని చెప్పుకు తిరిగాడు.

కొట్టేసిన గీత

అలాట్‌మెంటు కాగితం పట్టుకుని రైలు గేటు అవతల వాళ్ళింటికి వెళ్ళాను. ముసలమ్మ గుమ్మంలోనే ఉంది. నన్ను చూసి, చేతిలో టేపు ఉందా లేదా అని చూసింది. మజ్జిగ ఇవ్వలేదు.

సుగుణమ్మ కాగితం తీసుకుని, నిలబడే, మొదటి నుంచి చివరిదాకా చదివింది. నేను తీసుకెళ్ళిన ఏ కాగితాన్నీ ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు.

"ఈ ఆరోదేటి? కంపెనీ కోరినపుడు పదిహేను రోజుల్లో కాళీ సెయ్యాలి అనుంది."

"అది అందరికీ ఉంటదమ్మా. అచ్చు కాయితం."

"అందరికీ ఉంటే ఉండనీండి. నాకొద్దు. మళ్ళీ ఎవరో ఒక బాబు వచ్చి కొలుసుకుంటే, ముసల్దాన్నీ పిల్లల్నీ ఏసుకుని మళ్ళీ మూటలు కట్టలేను. ఇక్కడే పడుంటాం. కేకేస్తే గంటకే వస్తాను."

"నాకు అధికారం లేదమ్మా."

"కొలవడానికెవరిచ్చేరు అధికారం?"

జేబులోంచి పెన్ను తీశాను. ఆరో షరతు మీద అడ్డంగా గీత గీసి, పైన "ఆసుపత్రిలో పనిచేసినంత కాలం" అని రాసి, పక్కన సంతకం పెట్టాను. ముసలమ్మకి చదువు రాదు. గీత మాత్రం చూసింది. లోపలికెళ్ళి అలమార్లో సామాను తియ్యడం మొదలుపెట్టింది.

ఆఫీసు ప్రతి మొహంతీ గారి బల్లమీద పెట్టాను.

"ఈ గీత ఎవరిది?"

"నాదే సర్."

"నన్ను ముందు అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి కాదు."

"తెలుసు సర్."

ఆయన నా సంతకం పక్కన తన పొడి అక్షరాలు వేసి ఫైలు తోసేశారు. ఆ ఒక్క పనికి ఆయన మిగతా తప్పులన్నీ నేను క్షమించేశాను. నా తప్పులు క్షమించుకోవడమే కుదరలేదు.

ఐదారేళ్ళకి టౌన్‌షిప్ పూర్తయింది. బంగ్లా సాహిలో అద్దె ఇళ్ళన్నీ ఒకే నెలలో వెనక్కిచ్చేశాం. ఇక అద్దెలు దిగుతాయనుకున్నాను. దిగలేదు. మూడు వందలు రుచి చూసిన ఇంటివాడు ఇల్లు పాడుబెట్టుకున్నాడు గాని ఎనభైకి ఇవ్వలేదు. పోస్టుమాస్టరు గాని, పంతుళ్ళు గాని మళ్ళీ ఆ ఎత్తు ఎక్కలేదు. మేమూ ఎక్కలేదు. పల్లంలో ఆ పెంకుటింట్లోనే మా పిల్లలు పెరిగారు.

అందుకని చెబుతున్నాను. ధర నువ్వు ముందు అడక్కు. పరిమితి ఎంతో డ్రైవరు ముందు మాట్లాడకు. టేపు తీసే ముందు ఇంట్లో ఎవరున్నారో, వాళ్ళెక్కడికి పోతారో కనుక్కో. అది మన పని కాదని పైవాళ్ళంటారు. అననీ.

పాత్రో గారి ఇల్లు ఒక్కటీ మా లెక్కల్లో మిగిలిపోయింది. సుగుణమ్మకి బదిలీ అయ్యేదాకా పదకొండేళ్ళు. ఏటేటా ఆడిట్‌వాళ్ళు వచ్చి ఒకే ప్రశ్న వేసేవారు. టౌన్‌షిప్ ఉండగా రాయగడలో ఈ ఒక్క ఇల్లు కంపెనీ ఎందుకు అట్టేపెట్టుకుంది అని. ఏటేటా జవాబు నేనే రాసేవాణ్ణి. మొదట్లో నిబంధనలు వెతికి పేజీన్నర రాశాను. తర్వాత తర్వాత విసుగొచ్చి ఒక్క ముక్క రాయడం మొదలుపెట్టాను. దాన్ని ఎవరూ తిప్పి పంపలేదు.

"ఈ ఇంట్లో మనుషులున్నారు."